ర్యామ్ పోయిందా, పొత్తు కుదరలేదా?

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌ను పూర్తి పేరుతో పిలిచేవాళ్లు తక్కువ. సీటీసీ అంటే చాలు. హైదరాబాద్‌లో సొంతంగా డెస్క్‌టాప్ కట్టుకునేవాళ్లు అక్కడ ప్రాసెసర్ ఒక షాపులో, మదర్‌బోర్డు ఇంకో షాపులో తీసుకుని, ర్యామ్ మాత్రం ఆన్‌లైన్ సేల్ కోసం ఆగడం మామూలే. ఎక్కడ నాలుగు వందలు తగ్గితే అక్కడ కొంటారు. అందులో తప్పేం లేదు. కానీ ఒక్కో వస్తువుకు ఒక్కో బిల్లు, ఒక్కో వారంటీ వస్తాయి. అవన్నీ కలిసి సరిగ్గా నడుస్తాయన్న పూచీ మాత్రం ఏ బిల్లు మీదా ఉండదు. ఇంట్లో కట్టిన పీసీల్లో ర్యామ్ గొడవలు చాలావరకు పుట్టేది ఆ సందులోనే. స్టిక్ (ర్యామ్ చిప్‌లు అతికించిన సన్నటి పలక) నిజంగా చెడిపోవడమూ ఉంటుంది. అయితే స్టిక్ బాగుండి, బోర్డు బాగుండి, ప్రాసెసర్ కూడా బాగుండి, ఆ మూడింటికీ పెట్టిన వేగం దగ్గర పొత్తు కుదరకపోవడం కూడా తరచూ జరిగేదే. ఈ రెండింటినీ విడదీసి చూడకపోతే మంచి స్టిక్‌ను పారేసి, మళ్లీ డబ్బు పోసి, అదే జబ్బును ఇంటికి తెచ్చుకున్నట్టవుతుంది.

లక్షణాలు ఒక తీరున ఉండవు. అసలు చిక్కంతా అక్కడే. ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై) కాలితే పీసీ ఆన్ అవ్వదు, ఫ్యాన్ ఆగితే వేడెక్కి అరుస్తుంది. ర్యామ్ తేడా చేస్తే ఈరోజు బ్రౌజర్‌లో ఒక ట్యాబ్ కూలుతుంది, రేపు గేమ్ మధ్యలో మూసుకుపోతుంది, ఎల్లుండి ఏమీ కాదు. పెద్ద జిప్ ఫైల్ విప్పుతుంటే సీఆర్‌సీ ఎర్రర్ (ఫైల్‌లో డేటా పాడైంది) అంటుంది. అదే ఫైల్ రెండోసారి శుభ్రంగా విప్పుకుంటుంది. విండోస్ నీలి తెర మీద రాసే కారణం కూడా నిలకడగా ఉండదు. ఒకసారి మెమరీ మేనేజ్‌మెంట్ అంటుంది, ఇంకోసారి పేజ్ ఫాల్ట్ ఇన్ నాన్‌పేజ్డ్ ఏరియా, మరోసారి ఐఆర్‌క్యూఎల్ నాట్ లెస్ ఆర్ ఈక్వల్. ఒకే కోడ్ పదేపదే వస్తూ ఒకే డ్రైవర్ (హార్డ్‌వేర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) ఫైల్ పేరు కనిపిస్తుంటే ఆ డ్రైవర్‌ను పట్టుకోవాలి. కోడ్ రోజుకొకటి మారుతుంటే మాత్రం ర్యామ్‌ను అనుమానించాలి. తారుమారైన బిట్ (డేటాలో 0 లేదా 1 అనే ఒక్క అంకె) ఆ క్షణాన ఎవరి సామాను మోస్తోందో అన్నదాన్ని బట్టి కూలేది ఎవరో తేలుతుంది కాబట్టి ఈ గందరగోళం.

ఇక్కడే మన దగ్గర ఠక్కున వచ్చే సలహా ఒకటుంది: "ఫార్మాట్ కొట్టేయ్." ర్యామ్ మీద అనుమానం ఉండగా ఇది చేయకూడని పని. విండోస్ ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు ప్రతి ఫైలూ ర్యామ్ మీదుగానే డిస్క్‌కు చేరుతుంది. దారిలో ఒక బిట్ తిరగబడితే ఆ తప్పు డిస్క్ మీద శాశ్వతంగా కూర్చుంటుంది. అంటే కొత్త విండోస్ పుట్టుకతోనే రోగిష్టి. ఒక్కోసారి ఇన్‌స్టాలేషన్ సగంలోనే ఫైల్ చదవలేకపోతున్నానని ఆగిపోతుంది. అప్పుడు నింద పెన్‌డ్రైవ్ మీద పడుతుంది, కొత్త పెన్‌డ్రైవ్ వస్తుంది, కథ మళ్లీ మొదటికి.

ఇందులో ఎవరూ తెలివితక్కువవాళ్లు కారు. లినక్స్‌ను పుట్టించిన లైనస్ టోర్వాల్డ్స్‌కే 2022 అక్టోబర్‌లో ఇది ఎదురైంది. లినక్స్‌కు గుండెలాంటి కెర్నల్ 6.1 వెర్షన్ కోసం అందరి కోడ్‌నూ కలుపుతున్న రోజుల్లో ఆయన మెషీన్‌లో కంపైల్ చేస్తుంటే ప్రోగ్రాములు కారణం లేకుండా కూలడం మొదలైంది. మొదట కొత్త కోడ్‌లోనే బగ్ ఉందనుకున్నారు. తీరా చూస్తే రెండేళ్లకు పైగా బంగారంలా నడిచిన ఒక ర్యామ్ స్టిక్ చెడిపోయింది. తప్పులను పట్టే ఈసీసీ ర్యామ్ మామూలు పీసీల్లోనూ ఉండాలని ఏళ్లుగా వాదిస్తున్న మనిషి మెషీన్‌లోనే ఈసీసీ లేని ర్యామ్ ఉండటం వేరే విడ్డూరం.

మూడు వస్తువులు, ఒక ఒప్పందం

ర్యామ్‌లో ఒక్కో బిట్ అంటే ఒక్కో బుల్లి కెపాసిటర్‌లో ఉండే కాస్త చార్జ్. 16 జీబీ స్టిక్‌లో అలాంటివి సుమారు 13,740 కోట్లు ఉంటాయి. ప్రతిదీ చిల్లు కుండే, చార్జ్ కారిపోతూనే ఉంటుంది. అందుకే డీడీఆర్4 తరం ర్యామ్‌లో ప్రతి వరుసనూ 64 మిల్లీసెకన్లలోపు ఒకసారి చదివి మళ్లీ నింపుతారు. చిప్ వేడి 85 డిగ్రీలు దాటితే కారడం ఎక్కువవుతుంది కాబట్టి రెట్టింపు తరచుగా నింపాలి. ఇది స్టిక్ లోపలి సంగతి.

రెండో పాత్ర ప్రాసెసర్‌ది. ర్యామ్‌తో మాట్లాడే మెమరీ కంట్రోలర్ ఒకప్పుడు మదర్‌బోర్డు చిప్‌సెట్‌లో ఉండేది. ఏఎమ్‌డీ 2003లో, ఇంటెల్ 2008లో దాన్ని డెస్క్‌టాప్ ప్రాసెసర్ లోపలికే తెచ్చాయి. కాబట్టి ర్యామ్ ఎంత వేగంగా నడవగలదన్నది ప్రాసెసర్ మీదా ఆధారపడుతుంది. ఒకే మోడల్ ప్రాసెసర్లు రెండు తీసుకుంటే ఒకదాని కంట్రోలర్ గట్టిది, ఇంకోదానిది అంతంతమాత్రం కావచ్చు. మూడోది బోర్డు. ఈ రెండింటి మధ్య రాగి గీతలు ఎంత పొడవున్నాయి, ఎంత శుభ్రంగా గీశారు అన్నది బోర్డు తయారీదారు చేతిలో ఉంటుంది. బేసిక్ బోర్డుకూ ఖరీదైన బోర్డుకూ ఇక్కడ తేడా కనిపిస్తుంది.

పీసీ ఆన్ చేసిన ప్రతిసారీ ఈ ముగ్గురూ ఒక ఒప్పందానికి రావాలి. దాన్నే మెమరీ ట్రైనింగ్ అంటారు. సిగ్నల్ ఏ క్షణంలో చదివితే స్పష్టంగా ఉంటుందో కంట్రోలర్ వెనకా ముందూ జరుపుతూ పరీక్షించి, మధ్యలో సురక్షితమైన చోటు ఎంచుకుంటుంది. డీడీఆర్4 తర్వాతి తరమైన డీడీఆర్5 వచ్చాక ఇది బాగా బరువైన పని అయింది. కొత్తగా బిగించిన, ఏఎమ్‌డీ కొత్త ప్రాసెసర్లు కూర్చునే ఏఎమ్5 రకం బోర్డు మొదటిసారి ఆన్ చేస్తే చాలా నిమిషాల పాటు తెర నల్లగానే ఉండొచ్చు. బోర్డు మీద డీర్యామ్ అని రాసిన చిన్న ఎల్‌ఈడీ పసుపు రంగులోనో ఎరుపు రంగులోనో వెలుగుతూ ఉంటుంది. టెన్షన్ పడి పవర్ బటన్ నొక్కి పట్టుకుంటే ట్రైనింగ్ మధ్యలో ఆగి, మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. కొత్త పీసీ "డిస్‌ప్లే రావట్లేదు" అన్న కేసుల్లో కొన్ని ఇంతకంటే ఏమీ కావు. టీ తాగి వస్తే డిస్‌ప్లే వచ్చి ఉంటుంది.

ఈ ట్రైనింగ్ ప్రతిసారీ జరిగితే బూట్ నెమ్మదిస్తుంది కాబట్టి, పాత ఫలితాన్నే గుర్తుపెట్టుకుని వాడుకునే మెమరీ కాంటెక్స్ట్ రీస్టోర్ అనే ఆప్షన్ ఏఎమ్5 బోర్డుల బయోస్‌లో (విండోస్ కంటే ముందు నడిచే బోర్డు సొంత సాఫ్ట్‌వేర్‌లో) ఉంటుంది. ర్యామ్ నిలకడగా లేని పీసీలో ముందు దీన్ని ఆపి చూడటం మంచిది. బూట్‌కు కాస్త ఎక్కువ సమయం పడుతుంది, అంతే నష్టం.

పెట్టె మీద అంకె

డీడీఆర్5-6000 అని పెట్టె మీద రాసి ఉంటే, కొన్నవాళ్లు అది (సెకనుకు ఎన్ని మిలియన్ల సార్లు డేటా పంపుతుందన్న లెక్క) ఆ ర్యామ్ సహజ వేగం అనుకుంటారు. కాదు. ప్రమాణాలు నిర్ణయించే జెడెక్ సంస్థ లెక్కలో డీడీఆర్4 నడవాల్సింది 1.2 వోల్టుల దగ్గర, డీడీఆర్5 నడవాల్సింది 1.1 దగ్గర. డీడీఆర్5 ప్రామాణిక వేగాలు మొదట్లో 4800 దగ్గర మొదలయ్యాయి. స్టిక్ మీదున్న ఎస్‌పీడీ అనే చిన్న చిప్‌లో ఈ మామూలు వివరాలు ఉంటాయి. వాటి పక్కనే తయారీదారు రాసిన ఎక్స్‌ఎంపీ లేదా ఎక్స్‌పో ప్రొఫైల్ కూడా ఉంటుంది. ఎక్స్‌ఎంపీ ఇంటెల్ తెచ్చింది, ఎక్స్‌పో 2022లో రైజెన్ 7000 ప్రాసెసర్లతో పాటు ఏఎమ్‌డీ తెచ్చింది. 6000 అన్న అంకె ఆ ప్రొఫైల్‌లోది. చాలా కిట్‌లలో అది 1.35 వోల్టులు అడుగుతుంది. సూటిగా చెప్పాలంటే అది ఓవర్‌క్లాకింగ్. కాకపోతే ఒక్క క్లిక్‌తో అయిపోతుంది కాబట్టి ఎవరికీ అలా అనిపించదు.

ప్రాసెసర్ కంపెనీ ఏం చెబుతోందో కూడా చూడాలి. రైజెన్ 7000 డెస్క్‌టాప్ ప్రాసెసర్లకు ఏఎమ్‌డీ అధికారికంగా ఒప్పుకున్న వేగం రెండు స్టిక్‌లతో 5200. రైజెన్ 9000కు అది 5600. నాలుగు స్టిక్‌లు పెడితే రెండు తరాలకూ 3600 మాత్రమే. అంటే 6000 ప్రొఫైల్ ఆన్ చేసిన క్షణాన ర్యామ్ కంపెనీ ఒక మాట ఇస్తోంది, ప్రాసెసర్ కంపెనీ ఆ మాట ఇవ్వడం లేదు. చాలా పీసీల్లో 6000 హాయిగా నడుస్తుంది. నడవనప్పుడు మాత్రం ఎవరినీ నిలదీయలేం.

వేగం విషయంలో ఇంకో చిన్న అపోహ ఉంది. పీసీ వివరాలు చూపించే సీపీయూ-జెడ్ ప్రోగ్రామ్‌లో 3200 ర్యామ్ 1600గా కనిపిస్తే షాపువాడు మోసం చేశాడని కొందరు గొడవకు దిగుతారు. డీడీఆర్ అంటేనే ఒక క్లాక్‌కు రెండుసార్లు డేటా పంపడం. కాబట్టి 1600 రెండింతలైతే 3200. అక్కడ మోసమేమీ లేదు.

2025 చివర్లో ర్యామ్ ధరలు ఒక్కసారిగా ఎగబాకడంతో ఈ పొత్తు సమస్య ఇంకాస్త ముదిరింది. కొత్తగా 32 జీబీ కిట్ కొనే బదులు ఉన్న 16కు ఇంకో 16 సెకండ్ హ్యాండ్‌లో తెచ్చి కలిపేద్దామన్న ఆలోచన సహజమే. కానీ ఒకే కంపెనీ, ఒకే మోడల్, ఒకే వేగం ఉన్న రెండు కిట్‌ల లోపల చిప్‌లు వేరువేరు కావచ్చు. ర్యామ్ బ్రాండ్లు ఎన్ని ఉన్నా డీర్యామ్ చిప్‌లలో సింహభాగం చేసేవి శామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్ అనే మూడు కంపెనీలే. ఒకే స్టిక్కర్ కింద ఈ ఏడాది ఒకరి చిప్, వచ్చే ఏడాది ఇంకొకరి చిప్ వాడటం ఈ వ్యాపారంలో కొత్తేమీ కాదు. కిట్‌గా అమ్మిన జతను కలిపి పరీక్షించి ఉంటారు. విడివిడిగా కొన్న రెండు జతలను కలిపి ఎవరూ పరీక్షించలేదు. నాలుగు స్లాట్లూ నిండితే కంట్రోలర్ మీద భారం కూడా పెరుగుతుంది. ఇలా కలిపినవాళ్లు ఎక్స్‌పో సంగతి మరిచిపోయి, తక్కువ వేగానికి రాజీపడితేనే ప్రశాంతంగా ఉంటారు. ఆ రాజీ ఇష్టం లేకపోతే పాత జతను అమ్మేసి, అన్నీ ఒకే కిట్‌లో కొనడమే దారి.

మొదటి పరీక్ష

రెండు స్టిక్‌లే ఉంటే అవి సరైన స్లాట్లలో ఉన్నాయో లేదో ముందు చూడాలి. నాలుగు స్లాట్ల బోర్డుల్లో చాలావాటికి ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టినప్పుడు రెండోది, నాలుగోది సరైనవి. బోర్డు మీద వీటికి ఏ2, బీ2 అని పేర్లుంటాయి. రాగి గీత చివరి స్లాట్ ఖాళీగా వదిలేస్తే సిగ్నల్ అక్కడిదాకా వెళ్లి వెనక్కి కొట్టి అసలు సిగ్నల్‌ను చెడగొడుతుంది. తక్కువ వేగాల్లో ఇది పెద్దగా తెలియదు. ఎక్కువ వేగాల్లో ఇదొక్కటే పీసీని కూల్చడానికి చాలు.

తర్వాత బయోస్‌లోకి వెళ్లి ఎక్స్‌ఎంపీనో ఎక్స్‌పోనో ఆపేయాలి. మొత్తం వ్యవహారంలో ఇంత విలువైన పని ఇంకోటి లేదు. రూపాయి ఖర్చు లేదు, స్క్రూడ్రైవర్ కూడా అక్కర్లేదు. మామూలు వేగంలో సమస్య మాయమైతే స్టిక్ బహుశా బాగానే ఉంది, ఒప్పందమే కుదరలేదు. మామూలు వేగంలోనూ తప్పులు వస్తుంటే ఏదో ఒక వస్తువు నిజంగా చెడిపోయింది, లేదా సరిగ్గా కూర్చోలేదు. ఇక్కడి నుంచి రెండు దారులూ వేరు. (బయోస్‌లో మార్పులు చేస్తే బిట్‌లాకర్ (డిస్క్‌కు విండోస్ వేసే తాళం) ఉన్న పీసీలు రికవరీ కీ అడగొచ్చు. కీ ఎక్కడుందో ముందే చూసుకోకపోతే ర్యామ్ సమస్య కాస్తా డేటా సమస్య అవుతుంది.)

సమస్య మాయమైందో లేదో రెండు రోజులు వాడి చెప్పడం కుదరదు, పరీక్షించాల్సిందే. విండోస్‌లో ఉండే మెమరీ డయాగ్నస్టిక్ తప్పు చూపిస్తే నమ్మొచ్చు. తప్పేమీ లేదంటే మాత్రం నమ్మడానికి లేదు, అది అంత లోతుగా వెతకదు. ఉచితంగా దొరికే మెమ్‌టెస్ట్86 ప్లస్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసి, విండోస్ జోలికి పోకుండా నేరుగా దాంతోనే బూట్ చేసి, రాత్రంతా నడవనివ్వాలి. 32 జీబీ మీద నాలుగైదు పాస్‌లు (మొత్తం ర్యామ్‌ను ఒకసారి పరీక్షించే రౌండ్లు) పూర్తవ్వాలంటే గంటలు పడుతుంది. మధ్యలో కరెంటు పోయి, ఇన్వర్టర్ అందుకునే ఆ కాస్త వ్యవధిలో పీసీ రీస్టార్ట్ అయితే పరీక్ష మళ్లీ మొదటికి వస్తుంది కాబట్టి యూపీఎస్ ఉంటే దానికి తగిలించడం నయం.

ఎన్ని తప్పులు వస్తే పర్వాలేదు అన్న ప్రశ్నకు జవాబు సున్నా. ఒక్క తప్పు వచ్చినా ఆ సెట్టింగ్ పనికిరాదు. కాస్మిక్ కిరణాల వల్ల ఎప్పుడో ఒక బిట్ తిరగబడుతుందన్న సర్దుబాటు వాదన ఒకటి వినిపిస్తుంటుంది. 2009లో టొరంటో విశ్వవిద్యాలయానికి చెందిన బియాంకా ష్రోడర్, గూగుల్ ఇంజినీర్లు కలిసి గూగుల్ సర్వర్ల మీద చేసిన అధ్యయనంలో ఏడాది కాలంలో 8 శాతానికి పైగా స్టిక్‌లలో తప్పులు కనిపించాయి. ఒకసారి తప్పు చేసిన స్టిక్ మళ్లీ చేసే అవకాశం ఎన్నో రెట్లు ఎక్కువని కూడా తేలింది. తప్పులు ఆకాశం నుంచి అందరి మీదా సమానంగా రాలి పడేవైతే ఇలా ఉండదు.

తప్పులు వచ్చాక చాలామంది ఎర్ర తెర చూసి ఆగిపోతారు. అక్కడున్న అంకెలు చదివితే ఇంకా తెలుస్తుంది. మెమ్‌టెస్ట్ ప్రతి తప్పుకూ చిరునామా చూపిస్తుంది, ఏం రాసిందో, చదివితే ఏం వచ్చిందో చూపిస్తుంది. 00000000 రాస్తే 00000004 వచ్చిందనుకుందాం. అంటే ఒకే ఒక్క బిట్ తిరగబడింది. ప్రతి పాస్‌లోనూ అదే చిరునామా, అదే బిట్ అయితే ఆ సెల్ చచ్చిపోయింది. ఆ స్టిక్ వారంటీకి వెళ్లాల్సిందే. చిరునామాలు మారుతున్నా బిట్ మాత్రం ఎప్పుడూ అదే అయితే అనుమానం ఆ బిట్‌ను మోసే తీగ మీద పడాలి. బంగారు పూత కాంటాక్ట్ మీద మకిలి, స్లాట్‌లో దుమ్ము, ప్రాసెసర్ కూర్చునే సాకెట్‌లో వంగిన పిన్ లాంటివి కారణం కావచ్చు. చిరునామా, బిట్ రెండూ ఇష్టం వచ్చినట్టు మారుతూ, ఒక రాత్రి రెండు తప్పులు, మరుసటి రాత్రి ఏమీ లేకుండా ఉంటే అది టైమింగ్, వోల్టేజ్, వేడి తాలూకు వ్యవహారం. ఇవి ఖాయమైన తీర్పులు కావు గానీ, ముందు ఏది విప్పాలో చెప్పడానికి సరిపోతాయి.

మెమ్‌టెస్ట్‌కు ఒక లోటుంది. అది నడుస్తున్నప్పుడు గ్రాఫిక్స్ కార్డు ఖాళీగా ఉంటుంది, కేస్ లోపల చల్లగా ఉంటుంది. అందుకే మెమ్‌టెస్ట్ దాటిన ఎక్స్‌పో సెట్టింగ్ గేమ్‌లో కూలడం ఉంది. విండోస్ లోపల నడిచే టెస్ట్‌మెమ్5, ఓసీసీటీ, ప్రైమ్95 లాంటివి ప్రాసెసర్‌నూ ర్యామ్‌నూ కలిపి సతాయిస్తాయి. మామూలు వేగంలో మెమ్‌టెస్ట్, కోరుకున్న వేగంలో వీటిలో ఒకటి నడిపితే ఇంటి పీసీకి చాలు.

మామూలు వేగంలోనూ తప్పులు వస్తే

ఒక్కో స్టిక్‌ను విడిగా ముందు ఏ2లో, తర్వాత బీ2లో పెట్టి పరీక్షించాలి. ఒక స్టిక్ ఏ స్లాట్‌లో పెట్టినా తప్పు చేసి, రెండోది ఏ స్లాట్‌లోనూ చేయకపోతే దొంగ దొరికినట్టే. ఏ స్టిక్ పెట్టినా ఒక స్లాట్‌లోనే తప్పులు వస్తుంటే స్టిక్‌లు నిర్దోషులు. అప్పుడు చూడాల్సింది ప్రాసెసర్ కింద. ఏఎమ్‌డీ పాత ఏఎమ్4 ప్రాసెసర్లకు పిన్నులు ప్రాసెసర్ మీదే ఉంటాయి. ఏఎమ్5లో, కొత్త ఇంటెల్ బోర్డుల్లో అవి సాకెట్‌లో ఉంటాయి. ఒక్కటి వంగినా ఒక మెమరీ చానల్ (ప్రాసెసర్‌కూ ర్యామ్‌కూ మధ్య ఉండే దారి) మొత్తం కనిపించకుండా పోవచ్చు. కూలర్ స్క్రూలు ఒకవైపు బిగువుగా, ఇంకోవైపు వదులుగా ఉన్నా ఇలాంటి ఫలితమే రావచ్చు. విప్పి, స్క్రూలు ఎదురెదురు మూలల వరుసలో కొద్దికొద్దిగా బిగిస్తే సమస్య పోయిన సందర్భాలున్నాయి. బోర్డును ఏ షాపులోనైనా ఇచ్చే ముందు సాకెట్ ఫోటో తీసుకోవడం తెలివైన పని. పిన్ వంగి ఉంటే వారంటీ రాదు, ఎప్పుడు వంగిందన్న వాదనకు సాక్ష్యం ఆ ఫోటో ఒక్కటే.

స్టిక్ తీసి, కాంటాక్ట్‌ల మీద పెన్సిల్ రబ్బరు రుద్ది, మళ్లీ పెట్టడం మన రిపేర్ షాపుల్లో అందరికీ తెలిసిన వైద్యం. పనిచేస్తుంది కూడా, అందుకే ఇన్నేళ్లు నిలిచింది. అయితే చాలాసార్లు సగం గుణం రుద్దడంలో కాదు, తీసి మళ్లీ గట్టిగా కూర్చోబెట్టడంలో ఉంటుంది. రబ్బరు తురుము స్లాట్‌లో పడితే కొత్త తలనొప్పి. పైగా బంగారు పూత చాలా పలచన, పదేపదే గీకితే అరిగిపోతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన మెత్తటి గుడ్డతో ఒకసారి తుడిస్తే చాలు. మెట్రో పనులో, పక్కన అపార్ట్‌మెంట్ పనులో నడుస్తున్న వీధుల్లో సిమెంట్ దుమ్ము కేస్ లోపలికి బాగా చేరుతుంది, ఖాళీ స్లాట్లలో మరీ ఎక్కువ. ఇన్నాళ్లూ ఖాళీగా ఉన్న స్లాట్‌లో కొత్త స్టిక్ పెట్టే ముందు ఊది కాదు, బ్లోయర్‌తో శుభ్రం చేయాలి. నోటితో ఊదితే తేమ కూడా వెళ్తుంది.

ప్రొఫైల్ ఆన్ చేస్తేనే తప్పులు వస్తే

ముందు బయోస్ అప్‌డేట్. ఏఎమ్5 తొలి రోజుల్లో ర్యామ్ తిక్కలు చాలావరకు అప్‌డేట్లతోనే సర్దుకున్నాయి. అది చాలకపోతే వేగం తగ్గించాలి. 6000 నడవకపోతే 5600, అదీ నడవకపోతే 5200. ఆ తేడా బెంచ్‌మార్క్ అంకెల్లో కనిపిస్తుంది గానీ, ఎక్సెల్ తెరిచేవాళ్లకూ, వీడియో ఎడిట్ చేసేవాళ్లకూ, మామూలుగా గేమ్స్ ఆడేవాళ్లకూ తెలియడం కష్టం. పీసీ వారానికోసారి కూలడం మాత్రం అందరికీ తెలుస్తుంది. ఇంత చిన్న రాజీకి మనసొప్పక రోజుల తరబడి టైమింగ్‌లతో కుస్తీ పట్టడం సరదా ఉన్నవాళ్ల పని, అవసరం ఉన్నవాళ్లది కాదు.

వోల్టేజ్ పెంచడం దగ్గర జాగ్రత్త అవసరం. యూట్యూబ్‌లో ఎవరో చెప్పిన అంకెను తెచ్చి ఎస్‌ఓసీ వోల్టేజ్‌లో (ప్రాసెసర్‌లో మెమరీ కంట్రోలర్ ఉన్న భాగానికి వెళ్లేది) పెట్టేయడం ప్రమాదకరం. 2023లో కొన్ని రైజెన్ 7000 ఎక్స్3డీ ప్రాసెసర్లు సాకెట్‌లోనే కాలిపోయాయి. ఎక్స్‌పో ఆన్ చేసినప్పుడు బోర్డులు ఈ వోల్టేజ్‌ను ఎక్కువగా పెంచేయడం అందుకు కారణమని తేలాక, ఏఎమ్‌డీ దానికి 1.3 దగ్గర పరిమితి పెట్టింది. పాత బయోస్‌తో అమ్ముడైన బోర్డు ఇంకా అప్‌డేట్ కాకుండా ఉంటే ర్యామ్ కోసం కాకపోయినా దీనికోసమైనా అప్‌డేట్ చేయాలి.

వేడిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్ 40 డిగ్రీలు దాటుతుంది. ఏసీ లేని టాప్ ఫ్లోర్ గదిలో కేస్ లోపలి గాలే వేడి, దానికి గ్రాఫిక్స్ కార్డు వదిలే సెగ తోడై నేరుగా ర్యామ్ మీదకు వెళ్తుంది. డీడీఆర్5లో వోల్టేజ్‌ను సర్దే చిప్ కూడా స్టిక్ మీదకే వచ్చింది కాబట్టి అదీ వేడి పుట్టిస్తుంది. గూగుల్ అధ్యయనం మాత్రం తప్పులకూ ఉష్ణోగ్రతకూ పెద్ద సంబంధం కనిపించలేదంది. కానీ అవి చల్లబరిచిన హాళ్లలో మామూలు వేగంతో నడిచే సర్వర్లు. అంచు దాకా లాగిన ఎక్స్‌పో ప్రొఫైల్‌కు అంత వెసులుబాటు ఉండదు. జనవరిలో పరీక్షలన్నీ పాసైన పీసీ మే మధ్యాహ్నం కూలితే ఆశ్చర్యపోనక్కర్లేదు. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ప్రోగ్రామ్‌లో డీడీఆర్5 స్టిక్‌ల ఉష్ణోగ్రత కనిపిస్తుంది. కేస్ పక్క ప్యానెల్ తీసి, టేబుల్ ఫ్యాన్ పెట్టి, అదే పరీక్ష మళ్లీ నడిపినప్పుడు తప్పులు ఆగిపోతే కారణం తేలిపోయినట్టే. ఆ ఫ్యాన్‌ను అలాగే వదిలేయకుండా కేస్‌లో గాలి దారి సరిచేసుకోవాలి.

ర్యామ్ కాని ర్యామ్ సమస్యలు

13, 14వ తరం ఇంటెల్ ప్రాసెసర్ల ఉదంతం ఇక్కడ గుర్తుంచుకోవాలి. గేమ్ మొదలుపెడితే వీడియో మెమరీ చాలడం లేదని ఎర్రర్, ఇన్‌స్టాలర్ ఫైళ్లు విప్పుతుంటే ఎర్రర్. అచ్చం ర్యామ్ లక్షణాలే. జనం ర్యామ్ మార్చారు, గ్రాఫిక్స్ కార్డు మార్చారు. ప్రాసెసర్‌కు అవసరానికి మించిన వోల్టేజ్ వెళ్లి అది క్రమంగా దెబ్బతింటోందని 2024లో ఇంటెల్ ఒప్పుకుంది. మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్లు ఇచ్చి, వారంటీని రెండేళ్లు పొడిగించింది. ఆ తరాల ఐ7, ఐ9 ఉన్నవాళ్లు మెమ్‌టెస్ట్ శుభ్రంగా దాటినా క్రాష్‌లు ఆగకపోతే ర్యామ్‌ను వదిలి ప్రాసెసర్ వైపు చూడాలి. అయితే అప్‌డేట్ ఇకపై దెబ్బ తగలకుండా ఆపుతుందే తప్ప, తగిలిన దెబ్బను మాన్పదు.

నీలి తెర ఏమీ లేకుండా పీసీ ఠక్కున ఆరిపోవడం, రీస్టార్ట్ అవ్వడం ఎక్కువగా పవర్ సప్లై లక్షణం. విండోస్ లాగ్ చూపించే ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్ పవర్ 41 అని చూసి అదే కారణం అనుకునేవాళ్లున్నారు. పీసీ సరిగ్గా షట్‌డౌన్ కాలేదన్న సమాచారమే తప్ప, ఎందుకు కాలేదో అందులో ఉండదు.

డీడీఆర్5లో ఈసీసీ ఎలాగూ ఉంది కదా అని షాపు కౌంటర్ దగ్గర వినిపించే మాట కూడా సగమే నిజం. ఆ ఆన్-డై ఈసీసీ చిప్ లోపల పుట్టిన తప్పును దిద్దుతుంది. చిప్ నుంచి ప్రాసెసర్ దాకా వెళ్లే దారిలో జరిగే తప్పుకు దానితో సంబంధం లేదు. ఎక్స్‌పో తప్పుల్లో చాలావరకు ఆ దారిలోవే.

షాపుకు వెళ్లేటప్పుడు, వెళ్లి వచ్చాక

స్టిక్ చెడిందని తేలితే షాపుకు తీసుకెళ్లినప్పుడు వాళ్లు తమ బోర్డులో పెట్టి, విండోస్ బూట్ చేసి, "మా దగ్గర బాగానే నడుస్తోంది సార్" అనడం ఖాయం. వాళ్లు అబద్ధం చెప్పట్లేదు. చెడ్డ సెల్ ఒక్కటి ఉన్న స్టిక్‌తో విండోస్ రోజంతా నడవొచ్చు. మెమ్‌టెస్ట్ ఉన్న పెన్‌డ్రైవ్ జేబులో ఉండాలి, మామూలు వేగంలో వచ్చిన తప్పుల తెర ఫోటో ఫోన్‌లో ఉండాలి. ఎక్స్‌పో ఆన్‌లో ఉన్నప్పటి ఫోటోతో వాదన నిలబడదు. కిట్‌గా కొన్నది సాధారణంగా కిట్‌గానే తిరిగి ఇమ్మంటారు కాబట్టి, మార్పిడికి వారాలు పట్టే పక్షంలో పని ఆగకుండా ఏదో ఒక స్టిక్ ముందే సర్దుకోవాలి. సీరియల్ నంబర్ స్టిక్కర్ చినగకూడదు. హీట్‌సింక్ ఊడదీసి లోపల ఏ చిప్ ఉందో చూద్దామన్న కుతూహలం వారంటీ అయ్యేదాకా ఆపుకోవాలి.

ర్యామ్ బాగుపడ్డాక మిగిలే పని గురించి ఎక్కువమంది ఆలోచించరు. అది తప్పులు చేసినన్నాళ్లూ డిస్క్ మీదకు వెళ్లిన ప్రతి ఫైలూ అనుమానితమే. విండోస్ సంగతి సిస్టమ్ ఫైల్ చెకర్‌తోనో, తిరిగి ఇన్‌స్టాల్ చేసో తేల్చుకోవచ్చు. సొంత ఫైళ్లకు ఆ సౌకర్యం లేదు. పెళ్లి ఫోటోలు, వీడియోలు ఆ రోజుల్లోనే ఫోన్ నుంచి పీసీకి కాపీ చేసి ఉంటే, అసలువి ఫోన్‌లో ఉన్నంతవరకు మళ్లీ కాపీ చేయడం మేలు. జిప్ ఫైళ్లను టెస్ట్ ఆప్షన్‌తో తనిఖీ చేయొచ్చు. ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో పాత బ్యాకప్ ఉంటే, ఈ తనిఖీ పూర్తయ్యేదాకా దాని మీద కొత్త బ్యాకప్ రాయకూడదు. వీలైతే కొత్తదాన్ని వేరే ఫోల్డర్‌లో తీసి, రెండింటిలో తేడా వచ్చిన ఫైళ్లను మాత్రం ఒక్కొక్కటిగా తెరిచి చూసుకోవాలి.